లండన్ అవ్వ నవ్వు

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు నీళ్ళు కలిపితే ఎందుకు కలిపాడని, కలపకపోతే ఈరోజు ఎందుకు కలపలేదని అనుకునే రకం నేను. పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన ఏబెల్ ఈ సంగతి కనిపెట్టి, "నిన్ను టీచరుద్యోగంలో కాదు, చెక్‌పోస్టులో పెట్టల్ల" అన్నాడు. మొన్నటి ఎలక్షన్ల ఎండాకాలంలో నా అనుమానానికి చేతినిండా పని దొరికింది.

మాది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మూడు గదుల ఇల్లు. పాప తిరుపతిలో హాస్టల్లో ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉండేది ముగ్గురమే. నేనూ, ఏబెల్, మా మామ జయరావు. ఏబెల్ ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఏ కార్యాలయమో చెప్పను, ఇప్పటికే చెప్పింది చాలు. మామ మిషన్ హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కాఫీ, సిగరెట్టు ఏదీ లేదు ఆయనకు. ఉన్నది ఒకే వ్యసనం, పాత బ్రిటిష్ టీవీ కామెడీ.

ఆ స్కూల్లో పనిచేసిన మిస్ హారియట్ అనే దొరసాని స్వదేశం పోతూ తొమ్మిది వీడియో క్యాసెట్లు ఆయనకు ఇచ్చి పోయింది. అందులో ఉన్నదంతా ఒకటే సీరియలు. దాని పేరు ఇంగ్లండులోనే మరిచిపోయి ఉంటారు. ఒక చిన్న ఊరి మునిసిపల్ ఆఫీసు, అందులో ఒక మేయరు, ఒక గుమాస్తా. మేయరు ఒక వంతెనకు ఏడేళ్ళుగా శంకుస్థాపన చేస్తూనే ఉంటాడు. ప్రతిసారీ కొత్త రాయి వస్తుంది, కొత్త బ్యాండు వస్తుంది, వంతెన మాత్రం రాదు. గుమాస్తా మొహంలో ఒక్క గీత కదలకుండా "చాలా అందమైన రాయి సార్" అంటాడు. వెనకాల జనం నవ్వుతారు. క్యాసెట్లు బూజు పడుతుంటే మామ పాత శిష్యురాలు ప్రసన్నకుమారి వాటిని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చింది. ఆమెకు మా చర్చి వీధిలో జిరాక్సు అంగడి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మామ టీవీ పెట్టి రిమోటు చేతబట్టుకుంటే మాకు పాఠమే. రెండు నిమిషాలకొకసారి ఆపి, "ఇప్పుడు ఎందుకు నవ్వినారో చెప్పు సూద్దాం" అని నన్నడిగేవాడు. మొదట్లో నాకు ఆ నవ్వులు కరెంటు బిల్లంత అర్థమయ్యేవి.

"మనోళ్ళకు కోపమొస్తే తిడతారు గ్రేసీ," అనేవాడు. "తిట్టినోడు అలిసిపోతాడు, తిట్టించుకున్నోడు తుడుచుకోని పోతాడు. తెల్లోడు అట్ల గాదు. మర్యాదగా, వంగి, సలాం జేసి చెప్తాడు. తుడుచుకునేదానికి ఏమీ దొరకదు. ఆ దేశంలో మంత్రులు అన్నం తినేసి టీవీ ముందర కూర్చోని, తమని ఎగతాళి చేసే నాటకం సూసి తామే నవ్వేవాళ్ళంట. నవ్వకపోతే అది తమ గురించే అని ఒప్పుకున్నట్టు గదా."

ఆ వెనకాల నవ్వుల్లో ఒక ముసలావిడ నవ్వు వేరుగా వినిపించేది. అందరూ నవ్వి ఆపాక, ఎక్కిళ్ళు వచ్చినట్టు మూడుసార్లు నవ్వి, అమ్మా అన్నట్టు ఊపిరి తీసుకునేది. మామ ఆమెకు లండన్ అవ్వ అని పేరు పెట్టాడు. "యాభై ఏండ్లయింది, పాపం పొయ్యుంటుంది. నవ్వు మాత్రం మనింట్లో ఉండాది" అనేవాడు.

మార్చిలో ఎలక్షన్ కోడ్ వచ్చింది. ఆ నెలాఖరులో ఒక శనివారం పొద్దున నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. చిత్తూరులో అందరి ఫోన్లకూ వచ్చిందట. మనుషులెవరూ లేరు. తెల్ల గోడ ముందు తువ్వాలు కప్పిన ఒక పెద్ద కుర్చీ, దాని ఎదురుగా ఒక స్టూలు. రెండూ మాట్లాడుకుంటున్నాయి, గొంతులు మిషన్‌తో మార్చినవి.

"సార్, మన కాంపౌండులో ఉండే విగ్రహం ఎవురిది?" అంది స్టూలు.

"తెలీదు. తెలీదు కాబట్టే కోడ్ కింద గుడ్డ కప్పుతా ఉండాం" అంది కుర్చీ.

"గుడ్డ చాల్లేదు సార్. ముక్కు బయటికి ఉండాది."

"ముక్కును బట్టి ఏ పార్టీయో కనుక్కునే ఓటరు మన జిల్లాలో ఉండాడా?"

"కోడ్ అయిపోయినాక గుడ్డ తీస్తే ఎవురో తెలుస్తాదా సార్?"

"తెలిస్తే మళ్ళా కప్పుదాం."

వెనకాల జనం నవ్వారు. మేం ముగ్గురం కూడా నవ్వాం. మామకైతే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఎవురో గాని మొహం కదిలించకుండా చెప్పినారు. అదీ పద్ధతి" అన్నాడు. ఏబెల్ నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇది మా ఆఫీసు నాయనా," అన్నాడు. "ఆ విగ్రహం మాదే. ముక్కు బయటికొచ్చింది నిజమే. ఆ గుడ్డ కొలిచింది నేను."

"విగ్రహాలు ఊరంతా ఉండాయి లేబ్బా" అన్నాడు మామ.

సోమవారం ఏబెల్ చెప్పాడు, ఆఫీసులో పెద్దసారు ఆ వీడియో చూసి బాగా నవ్వాడట. పక్క ఆఫీసు గురించి అనుకున్నాడట.

మా ఇంట్లో రోజూ సాయంత్రం ఏడున్నరకు కుటుంబ ప్రార్థన. ఒకరి తర్వాత ఒకరం గట్టిగా ప్రార్థించాలి, అది మామ పెట్టిన నియమం. ఏబెల్ ఆఫీసులో నోరు విప్పడు. నాతో మాటలు ముక్తసరి. దేవుడితో మాత్రం అన్నీ చెప్తాడు, పేర్లతో, తేదీలతో, ఒక్కోసారి ఫైలు నంబరుతో సహా. మా ఆయన మనసులో ఏముందో నాకు తెలిసేది ఆ పది నిమిషాల్లోనే. నేను కళ్ళు మూసుకుని చెవులు తెరుచుకుని కూర్చునేదాన్ని. ఆయన కష్టాలు నావి కూడా కదా, గురువారం స్త్రీల ఉపవాస ప్రార్థనలో మనవులు అడిగినప్పుడు నేను చెప్పి వచ్చేదాన్ని. అందరూ తమ ఇళ్ళ సంగతులు చెప్పేవాళ్ళే.

ఏప్రిల్లో ఇంకో వీడియో వచ్చింది. సమావేశాలు ఎందుకు ఆలస్యమవుతున్నాయో తేల్చడానికి కుర్చీ ఒక సమావేశం పెట్టింది. అది సాయంత్రం దాకా సాగి, ఇంకో సమావేశానికి తేదీ పెట్టుకుని ముగిసింది. అది కూడా వాళ్ళ ఆఫీసులో జరిగిందే. ఆఖరున జనం నవ్వి ఆగారు. ఆగిన తర్వాత మూడు ఎక్కిళ్ళు, ఒక ఊపిరి.

ఏబెల్ ఫోను కింద పెట్టాడు. వీడియో మళ్ళీ వెనక్కి జరిపి విన్నాడు. మూడోసారి కూడా విన్నాడు.

"నాయనా, ఇది మన అవ్వ" అన్నాడు.

మామ కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. "ముసిలోళ్ళ నవ్వులన్నీ ఒకే మాదిరి ఉంటాయబ్బా" అని లేచి పెరట్లోకి వెళ్ళాడు. లేచిన తీరు నాకు నచ్చలేదు. అంతకుముందు ఆయన అవ్వ నవ్వు వింటే కూర్చున్నచోట కూర్చునేవాడు.

అప్పటికి మా స్కూలుకు సెలవులిచ్చారు. ఇంట్లో కూర్చున్నదానికి కళ్ళు నాలుగవుతాయి. మామ ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళి మాట్లాడ్డం చూశాను. నేను బట్టలారేసే నెపంతో వెళ్తే "సరే, పెట్టేస్తా" అని ఆపేశాడు. సాయంత్రం నాలుగింటికి గాంధీ రోడ్డు దాకా వెళ్ళొస్తానని చెప్పి చర్చి వీధి వైపు తిరగడం చూశాను. ఆయన లేనప్పుడు ట్రంకుపెట్టె తెరిచాను. సిగ్గుపడాల్సిన పనే, అప్పుడు పడలేదు. అందులో నోటుపుస్తకాలు ఉన్నాయి, ఆయన ముత్యాల్లాంటి దస్తూరిలో. తెరిస్తే సంభాషణలు. మేయరు, గుమాస్తా, మేయరు, గుమాస్తా. ఆ సీరియలంతా ఆయన ఎన్నో ఏళ్ళుగా మన చిత్తూరు తెలుగులోకి మార్చి రాసుకుంటున్నాడు. కొన్ని చోట్ల మేయరు బదులు 'సారు' అని ఉంది.

అందులో ఒక పుస్తకం తీసుకెళ్ళి ఏబెల్ చేతిలో పెట్టింది నేనే. దొంగను పట్టిన పోలీసులా ఉంది నాకు అప్పుడు. ఏబెల్ నాలుగు పేజీలు తిప్పి, "పెట్టెలో పెట్టేయ్ మే. గమ్మునుండు" అన్నాడు. కానీ ఆ రోజు నుంచి వాళ్ళ నాయన వైపు చూసే చూపు మారింది. మామ గదిలోకి వస్తే ఫోనులో మాట ఆపేవాడు. ఆఫీసు సంచి బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ప్రార్థనలో మాత్రం ఎప్పటిలాగే అన్నీ చెప్పేవాడు. దేవుడితో మాట్లాడేటప్పుడు పక్కన మనుషులున్నారన్న ధ్యాస ఆయనకు ఎప్పుడూ లేదు.

పోలింగు నాలుగు రోజులుందనగా ఒక సాయంత్రం ఏబెల్ ప్రార్థనలో ఏడ్చాడు. "ప్రభువా, ఎలక్షన్ పనికి తెచ్చిన జీపులో పన్నెండు బుట్టలు బేనీషా మామిడికాయలు సారోళ్ళ అత్తగారింటికి తిరుచానూరు పొయినాయి. లాగ్‌బుక్కులో 'వాహన సామర్థ్య పరీక్ష' అని నా చేతనే రాయించినారు. ఆ మాట రాసిన చెయ్యి నాది. నన్ను క్షమించు తండ్రీ" అన్నాడు. మామ "ఆమెన్" అన్నాడు. నేనూ అన్నాను.

పోలింగు అయిన వారంలోనే, శనివారం, మూడో వీడియో వచ్చింది.

"జీపు యాడికి పొయింది సార్?"

"సామర్థ్య పరీక్షకు."

"పాసయిందా సార్?"

"పన్నెండు బుట్టలకు పాసయింది."

"మరి ఓట్ల పెట్టెలు మొయ్యల్ల గదా సార్?"

"ఓట్లు పండిపోవు గదా. నిదానంగా మోస్తాది."

ఈసారి అవ్వ నవ్వు లేదు. ఊరు మాత్రం పగలబడి నవ్వింది. మామిడి మండీలో హమాలీలు కూడా బుట్ట ఎత్తితే "సామర్థ్య పరీక్ష" అంటున్నారట. పెద్దసారు ఈసారి నవ్వలేదు. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే, సారుకు, డ్రైవరుకు, ఏబెల్‌కు. డ్రైవరు సారు సొంత బావమరిది ఊరివాడు. సోమవారం ఏబెల్‌కు మెమో ఇచ్చారు. కోడ్ అమల్లో ఉండగా కార్యాలయ రహస్యాలు బయటపెట్టినందుకు ఎందుకు సస్పెండు చేయకూడదో వారంలో చెప్పాలి.

ఆ కాగితం ఏబెల్ ఇంటికి తెచ్చి మామ ముందు పెట్టాడు. దాని మీద ఆ నోటుపుస్తకం. దాని పక్కన బైబిలు.

"నాయనా, దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. నువ్వు రాయలేదని చెప్పు. ఇంకేమీ అడగను."

మామ మెమో అంతా చదివాడు. తప్పులు దిద్దేవాడిలా వేలు పెట్టి చదివాడు. నోటుపుస్తకం వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"నేను రాయలేదబ్బా" అన్నాడు.

"చెయ్యి పెట్టి చెప్పు."

"పెట్టను. ఒట్టు పెట్టుకోవద్దని ఆ పుస్తకంలోనే ఉండాది."

"నా ఉద్యోగం పోతా ఉండాది నాయనా!"

"పోదు. పోనీను. ఒట్టు మాత్రం అడగొద్దు."

ఏబెల్ బైబిలు తీసి అలమరలో పెట్టాడు. ఆ సాయంత్రం ఏడున్నరకు ఎవరూ చాప పరవలేదు. నా కాపురంలో ప్రార్థన తప్పింది అదే మొదటిసారి. తప్పు చేయనివాడు చెయ్యి పెట్టడానికి ఎందుకు భయపడతాడు అని నేను ఏబెల్‌తో అన్నాను కూడా. ఆ మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

గురువారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళాను. పన్నెండు మందిమి గుండ్రంగా కూర్చున్నాం. మనవులు రాసుకునే పని ప్రసన్నకుమారిది, ప్రతివారం ఆమె ఒడిలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. నలభై ఏళ్ళ మనిషి, సన్నగా ఉంటుంది, నవ్వదు. నా వంతు వచ్చింది.

"గ్రేసక్కా, అన్నకు ఈ వారం ఏం ప్రార్థన చెయ్యల్ల? ఇవరంగా చెప్పక్కా. ఇవరంగా చెప్తేనే గదా భారంతో ప్రార్థన చేసేది" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. మెమో వచ్చిందనీ, వారం గడువనీ. ఆమె పెన్సిలు కాగితం మీద కదలడం లేదు. తల ఎత్తలేదు. ఎందుకో నా నాలుక ఆగిపోయింది. పోయిన గురువారం నేను ఇదే చాప మీద, ఇదే చోట కూర్చుని జీపు గురించి, తిరుచానూరు గురించి, సామర్థ్య పరీక్ష గురించి చెప్పాను. ఆమె అప్పుడు గబగబా రాసుకుంది, "ఎన్ని బుట్టలక్కా?" అని కూడా అడిగింది. అంతకు ముందు విగ్రహం ముక్కు చెప్పాను. సమావేశం చెప్పాను. మామ క్యాసెట్లు పెన్‌డ్రైవులోకి ఎక్కించిన మనిషి దగ్గర అవ్వ నవ్వు ఉండక ఎక్కడుంటుంది?

నేను ఊళ్ళో అందర్నీ అనుమానించాను. నా నోటిని అనుమానించాలని తట్టలేదు.

ప్రార్థన అయ్యాక చర్చి గోడ పక్కన ఆమె చెయ్యి పట్టుకున్నాను. తప్పించుకోవాలని చూడలేదు.

"పేర్లు యాడా పెట్టలేదక్కా" అంది.

"ఎందుకు చేసినావు పసన్నా? మా ఆయన నీకేం ద్రోహం చేసినాడు?"

"అన్న మీద కాదు. మా అమ్మ పేరున ఉండే ఇంటికి ఒక సర్టిఫికెట్ కావల్సొచ్చింది. పదకొండు నెలలు ఆ ఆఫీసులో స్టూలు మీద కూర్చున్నాను. ఒక్క రోజన్నా కుర్చీలో మనిషిని సూడలేదక్కా, తువ్వాల్ను సూసి వస్తా ఉంటిని. ఆఖరికి అమ్మ పొయింది, సర్టిఫికెట్ రాలేదు. ఏడిస్తే ఎవురు వింటారు? స్కూల్లో సార్ చెప్పినట్టు మొహం కదిలించకుండా చెప్తే ఊరంతా వినింది."

ఊళ్ళో అందరం స్టూలంటే గుమాస్తా అనుకున్నాం. అది ఈమె అని ఎవరికి తెలుసు?

"మా మామకు తెలుసునా?" అన్నాను.

"రెండో దానికే తెలిసిపొయింది. ఫోన్ జేసినాడు. 'ఆ అవ్వ నవ్వు తీసెయ్ పాపా, మావాడు గుర్తు పట్టినాడు' అన్నాడు. అంగడికొచ్చి, ఈ సంగతులు నీకెట్ల తెలిసినాయని అడిగినాడు. సార్ దగ్గిర అబద్ధం చెప్పలేదక్కా నేను. నీ పేరు చెప్పేసినాను. 'గ్రేసీకి తెలియనీయొద్దు, అది తట్టుకోలేదు. నువ్వు ఇంతటితో ఆపెయ్' అన్నాడు. సరేనన్నాను." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కానీ ఎలక్షన్ జీపులో మామిడికాయలక్కా! ఎట్ల ఆగేది చెప్పు?"

కోపంతో వెళ్ళినదాన్ని, అక్కడ నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. ఆ వెంటనే ఏడుపు వచ్చింది. మామ ట్రంకుపెట్టె తెరిచి దొంగ అని పట్టిచ్చాను. ఆయనేమో నేనే దొంగనని తెలిసి కూడా నా చేతి అన్నం తింటూ ఒక్క మాట అనలేదు.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను, మామ కాళ్ళ మీద పడాలని. వాకిట్లో కుప్పుస్వామి చెప్పులు కనిపించాయి. ఆయన ఏబెల్ ఆఫీసులో సూపరింటెండెంటు, మంచివాడు, మెల్లిగా మాట్లాడతాడు. లోపల ఏబెల్ నిలబడి ఉన్నాడు. మామ కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాడు.

"మెమో ఇంక లేనట్టే ఏబెలూ," అంటున్నాడు కుప్పుస్వామి. "పొద్దున మీ నాయన ఆఫీసుకొచ్చి, రాసింది నేనే, మావాడికి తెలీదు, వాడు ఇంట్లో దేవుడికి చెప్పుకునేది విని రాసినాను అని సారుకు కాగితమిచ్చినాడు. ఆయన పెన్షనర్, మా కింద మనిషి కాదు, ఏం జేసేది? క్షమాపణ రాసిచ్చినాడు గదా, ఇంతటితో వదిలేద్దాం అన్నాడు సారు. రచ్చయితే మళ్ళా మామిడికాయల సంగతొస్తాది."

జేబులోంచి ఆ కాగితం నకలు తీసి నాకిచ్చాడు. "మీరు టీచరు గదమ్మా, రవంత సూడండి. అంతా ఇంగ్లీషు. పెద్దసారు మాకు తలా ఒకసారి ఇచ్చి చదవమన్నాడు. నాకు ఒక తావ తిట్టినట్టే అనిపించింది. మళ్ళా చదివితే మర్యాదగానే ఉండాది. ఆఖరికి ముగ్గురం క్షమాపణే అని తీర్మానించి ఫైల్లో పెట్టేసినాం."

చదివాను. తెలుగులో చెప్తే ఇంచుమించు ఇలా ఉంది. "అయ్యా, తమ కార్యాలయం గురించి ఊహించి చెప్పినదంతా నిజమని తేలినందుకు మిక్కిలి విచారిస్తున్నాను. తమవంటి అధికారిని ఊహించడం ఎవరి శక్తికైనా మించిన పని అని ఈ ముసలివాడు ఆలస్యంగా గ్రహించాడు. తమ జీపు సామర్థ్యం మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. తమ పట్ల ప్రజలకున్న అభిప్రాయమే నాకూ ఉన్నదని సవినయంగా మనవి చేస్తున్నాను."

ఇన్నేళ్ళ ఆదివారాల పాఠం ఊరికే పోలేదు. నాకు ప్రతి వాక్యం అర్థమైంది. మామ మొహంలో మాత్రం ఒక్క గీత కదల్లేదు.

"క్షమాపణేనా అమ్మా?" అన్నాడు కుప్పుస్వామి.

"క్షమాపణే సార్" అన్నాను.

ఆయన వెళ్ళిపోయాక ఏబెల్ వాళ్ళ నాయనకు ఎదురుగా వచ్చాడు. "అంటే నా తావ అబద్ధం చెప్పినావు" అన్నాడు. "దేవుడికి చెప్పుకుంటే పొంచి విని ఊరికి అమ్మినావు. నా ఉద్యోగం నిలబెట్టినావు, సరే. ఇంక నాతో మాట్లాడొద్దు."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను. మామ నా వైపు చూసి అడ్డంగా తల ఊపాడు. నేను నోరు మూసుకున్నాను. మామ వద్దన్నాడని కాదు, నాకు భయం వేసింది. వాళ్ళ నాయనతోనే మాట్లాడనన్న మనిషి నన్నేం చేస్తాడో అని భయం, అంతే.

ఆ తర్వాత పన్నెండు రోజులు నరకం. ఏబెల్ అన్నం పళ్ళెం వేరే గదిలోకి తెప్పించుకున్నాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఇరవై ఏళ్ళుగా మామే. పాస్టరుగారు ఇంటికొచ్చి, "కొన్నాళ్ళు వేరే వాళ్ళు చదువుతారు జయరావుగారూ, జనం నవ్వుతారని" అన్నాడు. మామ "నవ్వేది మంచిదే గదా అయ్యగారూ" అన్నాడు, కానీ ఆదివారం చివరి బెంచీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం టీవీ పెట్టలేదు. నేను పెట్టమంటే "కండ్లు నొప్పిగా ఉండాయి పాపా" అన్నాడు. ప్రసన్నకుమారి అంగడి ముందు నుంచి వెళ్ళడం మానేశాను. ఆమె మళ్ళీ వీడియో పెట్టలేదు.

జూన్ నాలుగున ఓట్ల లెక్కింపు. ఏబెల్‌ను ముందు జాగ్రత్తగా లెక్కింపు పనిలోంచి తప్పించారు కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఊరంతా టీవీల ముందే ఉంది, వీధిలో టపాకాయలు మొదలయ్యాయి. చాలా రోజులకు ముగ్గురం ఒకే గదిలో కూర్చున్నాం. ఎవరో నాయకుడు ఓడిపోతూ, గెలిచినట్టే మాట్లాడుతున్నాడు. ఏబెల్ టీవీతో అన్నట్టుగా అన్నాడు, "రాసేవాళ్ళకు ఐదేండ్లకు సరుకు దొరికింది."

"నేను మానేసినానబ్బా" అన్నాడు మామ.

ఎప్పుడో ఉన్న అలవాటును మానుకున్నట్టు ఎంత మామూలుగా అన్నాడో! ఆ అబద్ధం ఆయనకు అలవాటైపోయింది. ఇక అది ఆయనతోనే చర్చికీ, సమాధికీ పోతుందని నాకు అర్థమైంది. లేచి టీవీ శబ్దం తీసేశాను.

"మామ ఎప్పుడూ రాయలేదండీ," అన్నాను. "ఇంట్లో మాటలు బయటికి మోసింది నేను. గురువారం ప్రార్థనలో మీ మనవులన్నీ చెప్పినాను. మీరెట్ల చెప్తే అట్ల, బుట్టలతో సహా. ఆడ విన్నవాళ్ళు ఒకరు చేసినారు. ఎవురని మాత్రం అడగొద్దు, మామకు కూడా తెలుసు. నా మీద పడకూడదని ఆయన నెత్తినేసుకున్నాడు."

అరుస్తాడనుకున్నాను. ఏబెల్ నా వైపు చూడనే లేదు. వాళ్ళ నాయన వైపు చూస్తున్నాడు, మెమో వచ్చిన రోజు చూసినట్టు కాదు.

"నిజమేనా నాయనా?"

మామ కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకోసాగాడు.

"మరి ఆ పొద్దు బైబిలు మీద చెయ్యి ఎందుకు పెట్టలేదు? నువ్వు రాయలేదు గదా. పెట్టుంటే ఆడికే తీరిపొయ్యుండు గదా నాయనా!"

"నాకు తీరిపొయ్యుండు," అన్నాడు మామ. "నేను చెయ్యి తీసినాక ఆ పుస్తకం ఎవురి ముందర పెట్టుంటావు? ఇంట్లో ఉండేది ముగ్గురమే గదబ్బా."